శుభలేఖ మూలన పసుపు... మెయిల్ వెనకాల ఎక్స్

మా మహానందిలో ఎవరింటికైనా పెళ్లి శుభలేఖ వస్తే, చదువు రాని మా అవ్వ కూడా కవరు విప్పకుండానే "ఎవరిదో పెండ్లిరా" అని చెప్పేసేది. నాలుగు మూలలా పసుపు ఉంటుంది కదా, అదే గుర్తు.

ఒక్కసారి ఆలోచించండి. మూలలకు పసుపు రాయాలని పోస్టాఫీసు రూలేమీ లేదు. వాళ్లకు కావాల్సింది అడ్రసు, పిన్‌కోడు, స్టాంపు. పసుపు ఎందుకు రాశారని పోస్ట్‌మ్యాన్ అడగడు, తుడిచెయ్యడు కూడా. తనకు సంబంధం లేదని వదిలేస్తాడు. అందుకున్నవాళ్లకు మాత్రం చెప్పాల్సింది అదే చెప్పేస్తుంది.

మన ఈమెయిల్‌కు కూడా ఇలాంటి పసుపు ఉంది. రూల్ బుక్కులో లేకపోయినా ఎవరో ఒకరు రాస్తారు, ఇంకెవరో చదువుకుంటారు. మనకు మాత్రం స్క్రీన్ మీద కనిపించదు. నేను బెంగళూరులో ఒక చిన్న కంపెనీలో మెయిల్ సర్వర్లు చూసుకునే పని చేస్తాను. రోజంతా నేను చూసేది ఆ కనిపించని పసుపునే. దాని గురించి ఊర్లో ఎవరికీ చెప్పాల్సిన అవసరం వస్తుందని అనుకోలేదు. మా చిన్నాయన కొడుక్కు ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోయిన రోజు ఆ అవసరం వచ్చింది.

"అందరికీ వచ్చిందంటన్నా, నాకే రాలేదు"

చిన్నాయనకు మహానంది దగ్గర ఎకరంన్నర అరటితోట. మా దగ్గర అరటి బాగా పండుతుంది, గుడి కోనేటి నుంచి పారే నీళ్లు చుట్టుపక్కల తోటలకు పోతాయి. కానీ ఎండాకాలంలో ఒక్క గాలివాన చాలు, గెలలు వేసిన చెట్లు వరసగా పడిపోతాయి. అందుకే ఆయన ఆశంతా కొడుకు ఇంజినీరింగ్ మీదే ఉండేది.

రెండేళ్ల కిందట, తమ్ముడు ఫైనలియర్‌లో ఉన్నప్పుడు, ఒక రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నా, టెస్ట్ లింకు నిన్ననే వచ్చిందంట. ఇరవై నాలుగు గంటలే టైమంట. అందరూ రాసేసినారు. నాకు మెయిలే రాలేదన్నా."

"స్పామ్‌లో చూసినావా రా?"

"యాడ చూసినా లేదన్నా. ఆ కంపెనీ అడ్రసు నుంచి ఏమొచ్చినా ఫోన్ మోగేటట్టు ఫిల్టర్ కూడా పెట్టుకున్నా. మోగనే లేదు."

వాడి లాగిన్‌తో నేను ఇక్కడ కంప్యూటర్‌లో తెరిచి చూశాను. మెయిల్ ఉంది! స్పామ్‌లో కాదు, కాలేజీ ప్లేస్‌మెంట్ గ్రూపు నుంచి రోజూ వచ్చే పాతిక ముప్పై మెయిళ్ల మధ్యలో, వాటిలాగే కనిపిస్తూ పడి ఉంది. పంపినవాళ్ల పేరు దగ్గర కంపెనీ అడ్రసు లేదు. ఆ కంపెనీ పేరు, పక్కన "వయా ప్లేస్‌మెంట్స్" అని, అడ్రసు మాత్రం కాలేజీ గ్రూపుది. వాడు పెట్టుకున్న ఫిల్టర్ కంపెనీ అడ్రసు కోసం కాపలా కాసింది. ఆ అడ్రసు పైన ఎక్కడా లేకపోతే అది ఎట్లా మోగుతుంది?

అసలు అడ్రసు ఎక్కడికి పోయింది? పోలేదు. లోపల, మనకు కనిపించని చోట, "ఎక్స్-ఒరిజినల్-ఫ్రమ్" అనే వరసలో భద్రంగా ఉంది. నేను చెప్పిన పసుపు అదే. కాకపోతే దాన్ని తమ్ముడి ఫోను చదవలేదు.

ఇదంతా అవ్వకు చెప్తే ఒకటే మాట అడిగింది: "ఉత్తరం వాకిట్లోకి వచ్చి, చేతికి రాకపోవడమేందిరా?"

ఆ ప్రశ్నకు సరైన జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

మెయిల్ లోపల ఏముంటుంది?

ఫోన్‌లో మెయిల్ తెరిస్తే మనకు కనిపించేవి మూడో నాలుగో సంగతులు. ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు, విషయం ఏంటి, లోపల ఏం రాశారు. కానీ అసలు మెయిల్ తెరిస్తే, మీరు చదివే మాటలకు పైన యాభై అరవై వరసలు ఉండొచ్చు. వాటినే హెడర్లు అంటారు. ఒక్కో వరసకు ముందు ఒక పేరు, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత విషయం. 'ఫ్రమ్', 'టు', 'డేట్', 'సబ్జెక్ట్' ఇవన్నీ హెడర్లే. 'రిసీవ్డ్' అని ఇంకొకటి ఉంటుంది. మెయిల్ దారిలో ఏ సర్వర్ చేతికి వచ్చినా, అది తన వివరం ఒక వరసగా పైన అతికిస్తుంది. అందుకే వాటిని కింద నుంచి పైకి చదవాలి. నంద్యాలలో బస్సెక్కిన పార్సిల్ మీద ప్రతి డిపోలో ఒక ముద్ర పడినట్టు.

ఇవి రూల్ బుక్కులో ఉన్న హెడర్లు. ఆ రూల్ బుక్కుల్లో ఒకదాని పేరు ఆర్‌ఎఫ్‌సీ 822. డేవిడ్ క్రాకర్ అనే ఆయన 1982 ఆగస్టులో రాశాడు. అందులో ఒక మంచి వెసులుబాటు ఉంది. మీకు కావాలంటే మీ సొంత హెడర్ పెట్టుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరి రేపు అదే పేరుతో అధికారికంగా ఇంకొకటి వచ్చి గొడవైతే? అందుకే 'ఎక్స్' అక్షరం, ఒక చిన్న గీతతో మొదలయ్యే పేర్లను అధికారికంగా ఎప్పటికీ వాడబోమని ఆ పత్రంలోనే మాట ఇచ్చారు. అంటే ఎక్స్ తో మొదలయ్యే పేర్లన్నీ జనానికి వదిలేసిన బీడు భూమి అన్నమాట. ఎవరైనా దున్నుకోవచ్చు.

ఇంకో మర్యాద కూడా ఉంది. తనకు తెలియని హెడర్ కనిపిస్తే సాఫ్ట్‌వేర్ కంగారు పడకూడదు, దాన్ని అట్లాగే వదిలేసి ముందుకు పోవాలి. పసుపును పోస్ట్‌మ్యాన్ వదిలేసినట్టే. ఈ ఒక్క మర్యాద వల్లే ఇంత వ్యవహారం నడిచింది.

బీడు దున్నినవాళ్లు ఏం పండించారు?

కొన్ని సరదావి. 'ఎక్స్-ఫేస్' అని ఒకటి ఉండేది. 48 చుక్కల వెడల్పు, 48 చుక్కల ఎత్తు, నలుపు తెలుపు బొమ్మ. పంపినవాళ్ల ముఖం! మనం ఈరోజు డీపీ అంటున్నామే, దానికి తాత అన్నమాట. ఆ బొమ్మను కూడా అక్షరాలుగా మార్చి ఒక హెడర్‌లో కుక్కేవాళ్లు.

కొన్ని ప్రాణం కాపాడేవి. మెయిలింగ్ లిస్ట్ అంటే ఏంటో ఈతరం వాళ్లకు ఒక్క ముక్కలో చెప్తాను: వాట్సాప్ గ్రూపుకు తాత. ఒక అడ్రసుకు మెయిల్ పంపితే, అందులో చేరిన వందమందికీ పోతుంది. ఇప్పుడు ఊహించండి. సంక్రాంతికి ఊరికి పోతూ ఒకాయన "నేను సెలవులో ఉన్నాను" అని ఆటోమేటిక్ జవాబు పెట్టాడు. లిస్టు నుంచి ఒక మెయిల్ వచ్చింది. ఆయన మెయిల్‌బాక్స్ "సెలవులో ఉన్నాను" అని లిస్టుకే జవాబిచ్చింది. లిస్టు దాన్ని వందమందికీ పంపింది, ఆయనకు కూడా. మళ్లీ "సెలవులో ఉన్నాను". మళ్లీ వందమందికి. తెల్లారేసరికి ఎంతయి ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

దీన్ని ఆపడానికి 'ప్రిసిడెన్స్: బల్క్' అనే వరస వాడుకలోకి వచ్చింది. ఇది గుంపుకు పోయే మెయిల్, దీనికి ఆటోమేటిక్ జవాబు ఇవ్వొద్దు అని అర్థం. ఎక్స్ లేకపోయినా ఇది కూడా అధికారికం కాదు, అలవాటుగా నిలిచింది. 'ఎక్స్-లూప్' అని ఇంకొకటి: ఈ మెయిల్ ఒకసారి నా చేతి మీదుగా పోయింది, మళ్లీ వస్తే ఆపేస్తాను అని సర్వర్ తనకు తాను పెట్టుకునే గుర్తు. ఆటోమేటిక్ జవాబులకు అధికారిక పద్ధతి 2004లో గానీ రాలేదు. అప్పటిదాకా లోకం నడిచింది ఈ అలవాటు గుర్తుల మీదే.

కొన్ని మనసును కాపాడేవి. 1990లలో యూజ్‌నెట్ అనే చర్చా వేదికలు ఉండేవి. అక్కడ తెలుగువాళ్లకు కూడా ఒక గ్రూపు ఉండేది, పేరు సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. ముద్దుగా 'స్కిట్' అనేవాళ్లు. అమెరికా యూనివర్సిటీల్లో చదువుకునే మనవాళ్లు అందులో పద్యాల నుంచి పచ్చళ్ల దాకా మాట్లాడుకునేవాళ్లు. డెజాన్యూస్ అనే కంపెనీ 1995లో ఇలాంటి మాటలన్నీ దాచిపెట్టి, ఎవరైనా వెతుక్కునేట్టు చేసింది. చాయ్ దగ్గర అన్న మాట ఎవరో రికార్డు చేసి పెట్టినట్టు అయింది. అప్పుడు 'ఎక్స్-నో-ఆర్కైవ్: ఎస్' అనే వరస పెడితే దాచకుండా వదిలేసే ఏర్పాటు వచ్చింది. చట్టం కాదు, వట్టి విన్నపం. అయినా చాలావరకు మన్నించారు. 2001లో ఆ పాత మూట మొత్తాన్ని గూగుల్ కొనుక్కుంది. దాచొద్దని అప్పట్లో ఒక వరస రాసుకున్నవాళ్ల మాటలు కొన్ని ఆ మూటలో చేరకుండా మిగిలాయంటే, ఆ ఒక్క వరస పుణ్యమే.

చెడ్డవి కూడా ఉన్నాయి. ఒకప్పుడు హాట్‌మెయిల్ లాంటివి 'ఎక్స్-ఒరిజినేటింగ్-ఐపీ' అని పెట్టేవి. పంపినవాళ్లు ఏ నెట్ కనెక్షన్ నుంచి పంపారో ఆ నంబరు అందులో ఉండేది. పంపినవాళ్లకు తెలియకుండానే. ఎవరైనా వెంటపడుతుంటే తప్పించుకుని ఇంకో ఊరు పోయిన ఆడపిల్ల, అమ్మకు మెయిల్ పంపితే, ఆ మెయిల్ ఎవరి చేతికైనా చిక్కితే, ఆ నంబరు పట్టుకుని ఊరు ఏదో అంచనా వెయ్యొచ్చు. కనిపించని వరస కదా, ఏముందిలే అనుకోవడానికి లేదు.

తెలుగు మెయిల్ గుర్తుపట్టే చిట్కా

ఇక్కడ మన భాష సంగతి ఒకటి చెప్పాలి. ఆ 1982 రూల్ ప్రకారం హెడర్లలో ఇంగ్లిష్ అక్షరాలే ఉండాలి. కాబట్టి 'తెలుసా', 'రచ్చబండ', 'ఛందస్సు' లాంటి తెలుగు మెయిల్ గ్రూపుల తొలి రోజుల్లో మనవాళ్లు తెలుగును రోమన్ లిపిలోనే రాసుకున్నారు. దానికి ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి ఉండేది. పెద్ద 'టి' రాస్తే ట, చిన్న 'టి' రాస్తే త. పెద్ద 'ఎన్' అయితే ణ, చిన్నదైతే న. దీన్ని కూడా ఏ ప్రభుత్వమూ శాసించలేదు. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో పుట్టింది, అందరూ వాడారు, నిలిచింది. ఇది కూడా ఒక పసుపు గుర్తే.

తర్వాత తెలుగు లిపిలోనే సబ్జెక్టు రాసే దారి వచ్చింది. కానీ ఇప్పటికీ చాలా మెయిళ్ల లోపల ఆ తెలుగు ఇంగ్లిష్ అక్షరాల వేషం కట్టుకునే ప్రయాణం చేస్తుంది. 'మహానంది' అని రాస్తే కంప్యూటర్ దాన్ని 7 ముక్కలుగా చూస్తుంది: మ, హ, దీర్ఘం, న, సున్నా, ద, గుడి. ఒక్కో ముక్కకు 4 చొప్పున 28 ఇంగ్లిష్ గుర్తులు అవుతాయి. విచిత్రం ఏంటంటే, మన తెలుగులో ప్రతి ముక్కా 'నాలుగు-ఎల్-సి' అనో, 'నాలుగు-ఎల్-జి' అనో మొదలవుతుంది. కాబట్టి ఎప్పుడైనా మెయిల్ లోపల గజిబిజిగా నాలుగు-ఎల్-సి, నాలుగు-ఎల్-సి అని పదేపదే కనిపిస్తే భయపడకండి. అది వైరస్ కాదు, మన తెలుగే.

ఇక ఆ గ్రూపుల్లో రచ్చబండ, ఛందస్సు నడిచింది యాహూ గ్రూప్స్ మీద. యాహూ గ్రూప్స్ మెయిళ్ల హెడర్లు చూస్తే ఒక పాత పేరు తగిలేది: 'ఎక్స్-ఈగ్రూప్స్'. ఈగ్రూప్స్ అనే కంపెనీని యాహూ 2000లో కొనేసింది. పేరు మాసిపోయింది, బోర్డు తీసేశారు. కానీ హెడర్లలో ఆ పేరు ఏళ్ల తరబడి అట్లాగే వస్తూ ఉండేది. ఎందుకంటే, ఆ వరసను నమ్ముకుని ఎవరు ఎక్కడ ఏ ఫిల్టర్ పెట్టుకున్నారో ఎవరికి తెలుసు? తీసేస్తే ఎవరి ఇల్లు కూలుతుందో! చివరికి 2020 డిసెంబర్ 15న యాహూ గ్రూప్సే మూతబడింది. వెబ్‌సైట్‌లో ఉన్నదంతా పోయింది. మెయిళ్లను సొంతంగా దాచుకున్నవాళ్ల దగ్గర మాత్రం ఆ చర్చలు మిగిలాయి. ఎవరు ఎవరికి జవాబిచ్చారో వరస కలపాలంటే ఈరోజు ఆధారం ఆ మెయిళ్ల హెడర్లే.

తాత్కాలికం అన్నది తాత్కాలికం కాదు

ఎక్స్ గుర్తుతో వచ్చిన చిక్కు ఇదే. ప్రయోగం కోసం, ప్రస్తుతానికి అని ఒక పేరు పెడతారు. అది బాగుంటుంది. నలుగురూ వాడతారు, తర్వాత నాలుగు లక్షల మంది వాడతారు. అప్పుడు దాన్ని అధికారికం చేద్దామంటే, ఎక్స్ తీసేసి కొత్త పేరు పెట్టాలి. పాత సాఫ్ట్‌వేర్లకు కొత్త పేరు తెలియదు. రెండు పేర్లూ మోయాల్సి వస్తుంది. మన ఊర్లలో తాత్కాలిక బస్‌స్టాండు అని కట్టిన రేకుల షెడ్డు ఇరవై ఏళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటుంది కదా, అట్లా.

అందుకే 2012 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 6648 అనే పత్రం వచ్చింది. ఇకపై కొత్తగా పెట్టే పేర్లకు ఎక్స్ తగిలించొద్దు, మొదటి నుంచే మంచి పేరు పెట్టండి అని దాని సారాంశం. రాసిన ముగ్గురిలో ఒకరు ఎవరో తెలుసా? డేవిడ్ క్రాకరే. ముప్పై ఏళ్ల కిందట ఎక్స్ పద్ధతిని పత్రంలో రాసిన మనిషే, ఇక చాలు అన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. తను వేసిన దారి అయినా, దాని మీద నడిచేవాళ్లకు రాళ్లు గుచ్చుకుంటున్నాయని తెలిస్తే మార్చుకోవడం పెద్దరికం.

మరి తమ్ముడి మెయిల్‌కు ఏమైంది?

ఇప్పుడు అవ్వ ప్రశ్నకు వద్దాం.

ఎవరైనా బ్యాంకు పేరుతోనో కంపెనీ పేరుతోనో దొంగ మెయిల్ పంపకుండా ఆపడానికి కొన్ని ఏర్పాట్లు వచ్చాయి. ఒకటి, మెయిల్ మీద కంపెనీ సర్వర్ వేసే డిజిటల్ సంతకం. దారిలో ఒక్క అక్షరం మారినా ఆ సంతకం చెల్లదు. రెండోది డీమార్క్. 'మా పేరుతో వచ్చిన మెయిల్‌కు సరైన సంతకం లేకపోతే తిప్పికొట్టండి' అని కంపెనీ ముందే ప్రకటించి పెట్టుకోవచ్చు. మంచి పనే. దొంగల్ని ఆపుతుంది.

కానీ మెయిలింగ్ లిస్ట్ ఏం చేస్తుంది? సబ్జెక్టు ముందు గ్రూపు పేరు తగిలిస్తుంది. కింద 'గ్రూపు నుంచి వైదొలగాలంటే' అని నాలుగు ముక్కలు అతికిస్తుంది. పాపం, మంచికే. కానీ అక్షరాలు మారాయి కాబట్టి సంతకం చెల్లదు. దొంగ కాకపోయినా దొంగలాగే కనిపిస్తుంది. 2014 ఏప్రిల్‌లో యాహూ ఇలా తిప్పికొట్టమని ప్రకటించినప్పుడు ప్రపంచమంతా మెయిలింగ్ లిస్టులు అతలాకుతలం అయ్యాయి.

లిస్టులు నడిపేవాళ్లు అప్పుడొక ఉపాయం పట్టుకున్నారు. 'ఫ్రమ్' దగ్గర అసలు మనిషి అడ్రసు తీసేసి లిస్టు అడ్రసు పెట్టడం. సంతకం గొడవ ఉండదు. పక్కన 'వయా' అని పేరు చూపించడం. గూగుల్ గ్రూప్స్ అయితే అసలు అడ్రసును 'ఎక్స్-ఒరిజినల్-ఫ్రమ్' అనే సొంత హెడర్‌లో దాచి పంపుతుంది. తమ్ముడి విషయంలో జరిగింది అక్షరాలా ఇదే. కంపెనీ పంపింది కాలేజీ గ్రూపు అడ్రసుకు. గ్రూపు పేరు మార్చింది. అసలు పేరు ఎక్స్ వరసలోకి పోయింది. జీమెయిల్ ఫిల్టర్లు మన ఇష్టమొచ్చిన హెడర్‌ను వెతకలేవు. ఆ వరసను చదివే దారే వాడికి లేదు.

చూడండి, ఇందులో దొంగ ఎవరూ లేరు. సంతకం పెట్టిన కంపెనీ తప్పు చెయ్యలేదు. పేరు మార్చిన గ్రూపు మెయిల్ చేర్చడానికే మార్చింది. ఫిల్టర్ పెట్టుకున్న పిల్లోడు జాగ్రత్తపరుడే. అందరూ మర్యాదగా తమ పని తాము చేశారు. మధ్యలో ఒక టెస్టు పోయింది. ఇక్కడ పసుపు రాసినవాళ్లున్నారు. చదవడం తెలిసినవాళ్లే లేరు. పసుపు అర్థం మా ఊర్లో అందరికీ తెలుసు కాబట్టే అది పనిచేస్తుంది. ఒప్పందం లేని గుర్తు వట్టి మరకే.

తమ్ముడు కంపెనీకి రాశాడు, జవాబు రాలేదు. కాలేజీలో అడిగితే "మిగతావాళ్లకు అందింది కదా" అన్నారు. అదీ నిజమే. వాడు ఇప్పుడు నంద్యాలలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తూ ఇంకా టెస్టులు రాస్తున్నాడు.

ఈ చిక్కు తెలిసినవాళ్లు ఊరుకోలేదు. 2021 జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 9057 వచ్చింది. అందులో 'ఆథర్' అనే కొత్త హెడర్‌ను ప్రయోగంగా ప్రతిపాదించారు. లిస్టు 'ఫ్రమ్' మార్చినా, అసలు రాసిన మనిషి పేరు అందులో చెక్కుచెదరకుండా ఉండాలని. పేరుకు ముందు ఎక్స్ లేదు. రాసింది మళ్లీ ఆ డేవిడ్ క్రాకరే! అందరూ దాన్ని రాయడం, ఫోన్లు చదవడం అలవాటైతే, తమ్ముడికి జరిగింది ఇంకొకరికి జరగదు.

ఫోన్ పట్టుకున్నవాళ్లకు నాలుగు మాటలు

ఒకటి. కాలేజీ గ్రూపు ద్వారా ముఖ్యమైన మెయిళ్లు వస్తుంటే, కంపెనీ అడ్రసు మీద ఒక్కటే ఫిల్టర్ పెట్టుకుంటే సరిపోదు. గ్రూపు అడ్రసు, దానితో పాటు కంపెనీ పేరు, 'టెస్ట్', 'ఇంటర్వ్యూ' లాంటి మాటల మీద ఇంకో ఫిల్టర్ పెట్టుకోండి. ప్రతి లిస్టుకూ 'లిస్ట్-ఐడీ' అని అధికారిక గుర్తు 2001 నుంచీ ఉంది. జీమెయిల్‌లో 'లిస్ట్' అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, గ్రూపు అడ్రసు రాసి వెతికితే ఆ గ్రూపు మెయిళ్లన్నీ వస్తాయి.

రెండు. జీమెయిల్‌లో పంపినవాళ్ల పేరు పక్కన కొన్నిసార్లు 'అన్‌సబ్‌స్క్రైబ్' అని కనిపిస్తుంది కదా. అది మెయిల్ మాటల్లోంచి వచ్చింది కాదు, 'లిస్ట్-అన్‌సబ్‌స్క్రైబ్' అనే హెడర్‌లోంచి వచ్చింది. 1998లోనే రాసిన రూల్ అది. పెద్ద ఎత్తున మెయిళ్లు పంపేవాళ్లు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో వదిలిపోయే ఏర్పాటు పెట్టాల్సిందేనని గూగుల్, యాహూ 2024లో పట్టుబట్టాయి. తెలిసిన కంపెనీ గోల ఎక్కువైతే ఆ బటన్ వాడండి. మెయిల్ అడుగున ఉండే అనుమానపు లింకులు నొక్కే పని తప్పుతుంది.

మూడు. లోపల 'ఎక్స్-స్పామ్-స్టేటస్: నో' అని ఉంది కదా, మంచి మెయిలే అనుకోవద్దు. ఎక్స్ వరసలు ఎవరైనా రాయొచ్చు అని చెప్పాను కదా, ఆ ఎవరైనాలో దొంగలు కూడా ఉన్నారు. మన సర్వర్ రాసిన వరసకే విలువ.

నాలుగు. ఇది క్లాసు గ్రూపులు, ప్లేస్‌మెంట్ గ్రూపులు నడిపే అన్నలకు, అక్కలకు. గడువున్న మెయిల్ వస్తే గ్రూపుకు వదిలేసి ఊరుకోకండి. సబ్జెక్టులో కంపెనీ పేరు, ఆఖరి తేదీ మీ చేత్తో రాసి ఇంకొకటి పంపండి. ఒక్క నిమిషం పని. అవతల ఒక ఇంట్లో అరటితోట అమ్మాలా వద్దా అన్న లెక్క ఆ మెయిల్ మీద ఆధారపడి ఉండొచ్చు.

ఇంతా చెప్పాక ఒక చిన్న పని. ఫోన్‌లో జీమెయిల్ యాప్ ఈ వరసలు చూపించదు. కంప్యూటర్ దగ్గర కూర్చున్నప్పుడు ఏదైనా గ్రూపు మెయిల్ తెరవండి, కుడివైపు మూడు చుక్కలు నొక్కండి, 'షో ఒరిజినల్' ఎంచుకోండి. మొదట గజిబిజిగా ఉంటుంది. కింద నుంచి పైకి మెల్లగా చదవండి. మీ కోసం ఎవరెవరు ఏమేం రాసి పంపారో, అందులో మీ ఫోన్ మీకు చెప్పనిది ఏంటో, అప్పుడు తెలుస్తుంది.